మందు వేసుకున్నారు సరే, చాప పరిచారా?

నడుం నొప్పి అనగానే మన ఇళ్లలో మొదట వినిపించే మాట ‘కాసేపు పడుకో’. బరువెత్తి పట్టేసిన నడుముకు ఒకట్రెండు రోజులు అది పనికొచ్చే సలహానే కావచ్చు. కానీ పడుకుంటే పెరిగి, లేచి తిరిగితే తగ్గే నడుం నొప్పి కూడా ఒకటుంది. పాతికేళ్ల కుర్రాడికి తెల్లవారుజామున 3 గంటలకో 4 గంటలకో నొప్పితో మెలకువొస్తుంది. పడుకోలేక హాల్లో పచార్లు చేస్తాడు. పొద్దున లేచాక గంటసేపు నడుం కర్రలా బిగుసుకుపోయి ఉంటుంది. సాక్సు తొడుక్కోవాలన్నా అవస్థే. పదకొండు అయ్యేసరికి మామూలు మనిషైపోతాడు. ‘పొద్దున కాలేజీకి వెళ్లమంటే నొప్పి, సాయంత్రం క్రికెట్‌కి మాత్రం ఏ నొప్పీ ఉండదు’ అని ఇంట్లోవాళ్లు దెప్పుతుంటారు. నిజానికి ఆ దెప్పుడులోనే జబ్బు లక్షణమంతా ఉంది. కదిలితే తగ్గే నొప్పి అని వాళ్ల నోటితోనే చెబుతున్నారు.

ఈ జబ్బు పేరు యాంకిలోజింగ్ స్పాండిలైటిస్. పేరు చివర ‘స్పాండిలైటిస్’ ఉండటంతో, వయసు మీద పడ్డాక వెన్నుపూసలు అరిగి వచ్చే మెడనొప్పితో దీన్ని కలిపేసేవాళ్లే ఎక్కువ. రెండూ వేరు. అది అరుగుదల, ఇది వాపు. ఒంటిని కాపాడాల్సిన రోగనిరోధక వ్యవస్థే దారితప్పి, ఎముకకు లిగమెంట్లు అతుక్కునే చోట వాపు పుట్టిస్తుంది. సాధారణంగా వెన్నెముక అడుగున, పిరుదుల వెనకుండే శాక్రోఇలియాక్ కీళ్లలో మొదలై పైకి పాకుతుంది. ఏళ్ల తరబడి వాపు ఉన్నచోట కొత్త ఎముక పేరుకుంటుంది. వెన్నుపూసల మధ్య వంతెనలు కట్టుకుపోయి, కొందరిలో చివరికి వెన్నెముకంతా ఒకే కడ్డీలా తయారవుతుంది. ఎక్స్‌రేలో అచ్చం వెదురుబొంగులా కనిపిస్తుంది. అందరికీ అంతదాకా రాదు. కానీ ఎవరికి వస్తుందో ముందే కచ్చితంగా చెప్పలేం. దాదాపు ఎప్పుడూ 45 ఏళ్లలోపే మొదలవుతుంది, ఎక్కువమందిలో ఇరవైల్లోనే. అంటే చదువు, ఉద్యోగం, పెళ్లి, పిల్లలు... అన్నీ ఇంకా ముందున్న వయసులో.

జబ్బు మొదలైనప్పటి నుంచి దాని పేరు తేలేదాకా ఏళ్లు గడిచిపోవడం ప్రపంచమంతటా ఉన్నదే. మన దగ్గర ఆ ఏళ్లు డిస్కు అనీ, సయాటికా అనీ, ‘గ్యాస్ పట్టేసింది’ అనీ గడుస్తాయి. నడుముకు బెల్టు, బల్ల మీద పడక, మెడికల్ షాపు మాత్రలు. ఆ ఆలస్యం గురించి ఇదే పేజీల్లో మళ్లీ ఎప్పుడైనా రాయొచ్చు. ఇప్పుడు నేను చెప్పాలనుకున్నది, జబ్బు పేరు తెలిశాక, మందు మొదలయ్యాక కూడా జరిగిపోతున్న నష్టం గురించి.

మందులు ఇప్పుడు మెరుగ్గానే ఉన్నాయి. నొప్పి, వాపు తగ్గించే మాత్రలతో చాలామందికి పని జరిగిపోతుంది. వాటికి లొంగకపోతే టీఎన్ఎఫ్ అనే రసాయనాన్ని అడ్డుకునే ఇంజెక్షన్లున్నాయి. ముందుగా క్షయ ఉందేమో పరీక్షించి మరీ వాటిని మొదలుపెడతాం. మన దేశంలోనే తయారయ్యే బయోసిమిలర్లు వచ్చాక వాటి ధర కొంత దిగింది. కానీ మందు చేసే పని వాపు తగ్గించడం వరకే. బిగుసుకున్న కండరాన్ని అది సాగదీయదు. ముందుకు వాలిపోయిన భుజాల్ని వెనక్కి లాగదు. బిగిసిపోతున్న పక్కటెముకల్ని విప్పదు. ఆ పని మనిషి చేసుకోవాల్సిందే, అదీ రోజూ. అందుకే ఈ జబ్బుకు వ్యాయామం సలహా కాదు, చికిత్సలో సగం. ఇంజెక్షన్ తీసుకునేవాళ్లకూ, మాత్రతో సరిపోయేవాళ్లకూ, ఏ మందూ లేకుండా నెట్టుకొచ్చేవాళ్లకూ ఇందులో మినహాయింపు లేదు.

ఈ సంగతి తెలియడానికి వైద్యానికే చాలా కాలం పట్టింది. ఇరవయ్యో శతాబ్దం మొదటి సగంలో ఈ రోగుల్ని కదలకుండా పడుకోబెట్టేవాళ్లు, పిండికట్లు వేసేవాళ్లు. వెన్నెముకకు రేడియేషన్ ఇచ్చేవాళ్లు. నొప్పి తగ్గేది. కానీ అలా రేడియేషన్ తీసుకున్నవాళ్లలో రక్తక్యాన్సర్ ఎక్కువగా కనిపిస్తోందని 1957లో బ్రిటన్‌లో కోర్ట్ బ్రౌన్, డాల్ అనే పరిశోధకులు బయటపెట్టడంతో ఆ పద్ధతి వెనకబడింది. పడుకోబెట్టిన వెన్ను తొందరగా బిగుసుకుంటోందని కూడా అర్థమైంది. ఇక దగ్గరి విషయానికొస్తే, నార్వే, స్వీడన్ ఆసుపత్రుల్లో 100 మంది రోగులపై చేసిన అధ్యయనం 2020లో అచ్చయింది. సగం మందితో 3 నెలలపాటు బాగా ఆయాసం వచ్చేంత గట్టి వ్యాయామం చేయించారు. జబ్బు తిరగబెడుతుందేమోనని అంతకుముందు వైద్యులు కూడా భయపడే స్థాయి అది. జరిగింది వేరు. వ్యాయామం చేసినవాళ్లలో నొప్పి, బిగుసుకుపోవడం, నీరసం తగ్గాయి, గుండె సామర్థ్యం పెరిగింది. ఎముక అతుక్కోవడాన్ని వ్యాయామం పూర్తిగా ఆపేస్తుందని మాత్రం నేను హామీ ఇవ్వను. అతుక్కున్నా నిటారుగా అతుక్కోవడానికీ, వంగిపోయి అతుక్కోవడానికీ తేడా ఎంతో తెలుసుకోవాలంటే, ఎదుటి మనిషి ముఖం చూడటానికి మోకాళ్లు మడిచి వెనక్కి వాలాల్సి వచ్చే రోగిని ఒక్కసారి చూస్తే చాలు.

ఎప్పుడు మానేస్తున్నారు?

‘డాక్టర్‌గారూ, చేస్తున్నానండీ’ అనే జవాబు ఓపీలో రోజూ వింటాను. ఇంకో రెండు ప్రశ్నలు వేస్తే అసలు సంగతి బయటికొస్తుంది. జబ్బు పేరు తెలిసిన కొత్తలో భయంతో రోజుకు గంట చేస్తారు. చాప కొంటారు, యూట్యూబ్‌లో వీడియోలు చూస్తారు. మూడు నాలుగు వారాలకు నొప్పి తగ్గుతుంది. ‘తగ్గింది కదా’ అని మానేస్తారు. కొన్నాళ్లకు నొప్పి మళ్లీ వస్తుంది. ‘ఇంత నొప్పిలో ఎలా చేస్తాం’ అని మొదలుపెట్టరు. తగ్గినా మానడమే, పెరిగినా మానడమే. ఇంజెక్షన్ బాగా పనిచేసినవాళ్లలో ఇది మరీ ఎక్కువ. ఒళ్లు తేలికైన ఆ కాలమే వెన్నును సాగదీసుకోవడానికి దొరికిన మంచి అదను. దాన్ని సోఫాలో గడిపేస్తారు.

ఇంకొందరు నడక ఒక్కటే నమ్ముకుంటారు. పార్కులో ముప్పావుగంట నడిచి వస్తారు. గుండెకు, బరువుకు మేలే, కాదనను. కానీ నడకలో వెన్ను వెనక్కి వంగదు, పక్కలకు పూర్తిగా తిరగదు, ఛాతీ నిండా విప్పారదు. ఈ జబ్బు లాక్కునేది సరిగ్గా ఆ కదలికల్నే. జిమ్ కుర్రాళ్లది మరో తంతు. అద్దంలో కనిపించే ఛాతీ, చేతుల కండల మీదే ధ్యాసంతా. వెన్ను వెనక కండరాలను వదిలేస్తే భుజాలు ఇంకా ముందుకు వస్తాయి. అసలే ముందుకు లాగే జబ్బుకు అది తోడు. ఇక సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు. పొద్దున అరగంట చేసి, ఆపైన పది గంటలు కుర్చీలోంచి లేవరు. అరగంటకోసారి లేచి నాలుగడుగులు వేయమంటే మీటింగులంటారు. ఫోన్ మాట్లాడేటప్పుడైనా నిలబడొచ్చు కదా.

వీళ్లందరి కంటే నాకు ఎక్కువ బాధ కలిగించేది ఆడవాళ్ల సంగతి. ఇది మగవాళ్ల జబ్బన్న అభిప్రాయం చాలాకాలం పాతుకుపోయింది. ఆడవాళ్లలో ఎక్స్‌రే మార్పులు తక్కువగా, ఆలస్యంగా కనిపించడం అందుకు ఒక కారణం. నొప్పి మాత్రం తక్కువేం కాదు. ‘వ్యాయామం చేస్తున్నారా అమ్మా’ అంటే ‘ఇల్లంతా ఊడ్చి, తుడిచి, గిన్నెలు తోమి, ఇంకా వ్యాయామమా సార్’ అంటారు. ఆ ప్రశ్నలో న్యాయం ఉంది. కానీ ఆ పనులన్నీ ఎటు వంగి చేసేవో గమనించండి. ఊడ్చినా, తుడిచినా, కూరలు తరిగినా ముందుకే. రోజంతా ముందుకు వంగిన వెన్నును వెనక్కి తిప్పే పని ఒక్కటీ లేదు. ఒంటికి అలసట మిగులుతుంది, వెన్నుకు ఫలం దక్కదు. కొత్తగా పెళ్లయిన అమ్మాయిల కష్టం ఇంకొకటి. జబ్బు సంగతి సంబంధం మాట్లాడేటప్పుడు చెప్పరు, తర్వాత చెప్పలేరు. అత్తగారింట్లో పొద్దున ఆరింటికి హాల్లో బోర్లా పడుకుని వ్యాయామం చేస్తే ఎవరేమంటారోనని మానేస్తారు. మాత్రనైతే హ్యాండ్‌బ్యాగులో దాచుకోవచ్చు. చాపను దాచలేరు.

ఇంట్లో ఎవరికైనా షుగరొస్తే మన మధ్యతరగతి ఇల్లు మొత్తం సర్దుకుంటుంది. రాత్రి అన్నం బదులు పుల్కాలొస్తాయి, పండక్కి స్వీట్లు తగ్గుతాయి, అత్తగారు కూడా పంచదార లేని కాఫీకి అలవాటు పడతారు. ఈ జబ్బుకు అలాంటి సర్దుబాటు ఇంకా రాలేదు. కావాల్సింది పొద్దున నలభై నిమిషాలు. ఆ సమయంలో కోడలిని టిఫిన్ అడగకపోవడం, కొడుకుని పాలప్యాకెట్టుకు పంపకపోవడం. ‘పాపం రాత్రంతా నిద్ర లేదు, ఇంకాసేపు పడుకోనీ’ అనే తల్లి ప్రేమను కాదనడం నాకు కష్టమే. కానీ ఆ ఇంకాసేపట్లోనే బిగుతు ఇంకా పెరుగుతుంది.

ఏం చేయాలి?

పొద్దున లేస్తూనే ఎగిరి దూకక్కర్లేదు. మంచం మీద వెల్లకిలా పడుకునే రెండు మోకాళ్లూ మడిచి, కలిపి కుడికి, ఎడమకు పదేసిసార్లు మెల్లగా వాల్చండి. తర్వాత వేడినీళ్ల స్నానం. వ్యాయామం చేసి చెమట పట్టాక స్నానం చేయడం మన అలవాటు. ఈ జబ్బులో దాన్ని తిరగేస్తేనే బాగుంటుంది. వేడినీళ్లకు బిగుతు సడలుతుంది, ఆ తర్వాతి సాగదీత సులువవుతుంది.

స్నానమయ్యాక చాప మీద బోర్లా పడుకోవాలి, దిండు లేకుండా. నేను అందరికంటే గట్టిగా పట్టుబట్టేది దీనికే. వెన్నూ, తుంటీ ముందుకు వంగిపోకుండా కాపాడే అతి సులువైన పని ఇది. మొదట్లో ఐదు నిమిషాలు కూడా కష్టమే, ఛాతీ కింద పలచటి దిండు పెట్టుకోవచ్చు. నెమ్మదిగా పదిహేను, ఇరవై నిమిషాల దాకా వెళ్లండి. పేపరు చదువుతూనో, పాటలు వింటూనో గడిపేయొచ్చు. అలా పడుకునే భుజంగాసనంలో మాదిరిగా ఛాతీని వీలైనంత పైకి లేపి దించండి. తర్వాత చేతులూ మోకాళ్ల మీద నిలిచి వెన్నును పైకీ కిందికీ వంచడం, వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి నడుం పైకెత్తడం, కూర్చుని మెడనూ ఒంటినీ రెండు పక్కలకూ తిప్పడం. పక్కటెముకల మీద అరచేతులు పెట్టుకుని, చేతులు పక్కలకు జరిగేంత లోతుగా ఊపిరి పీల్చడం మరవద్దు. ఈ జబ్బులో ఊపిరితిత్తులు బాగానే ఉన్నా, వాటి చుట్టూ ఉన్న పంజరం బిగుసుకుంటుంది. వీటికి తోడు వారానికి 150 నిమిషాలైనా వేగంగా నడక, సైకిల్, ఈత, ఏదో ఒకటి. ఈత దొరికితే వదులుకోవద్దు. మొదటిసారి ఇవన్నీ ఫిజియోథెరపిస్ట్ దగ్గర చేసి చూపించుకోండి. గుండెజబ్బు, బీపీ ఉన్నవాళ్లు గట్టి వ్యాయామం మొదలుపెట్టే ముందు వైద్యుణ్ని అడగాలి.

ఎంత నొప్పి వరకు చేయొచ్చు అని అడుగుతుంటారు. సాగదీసినప్పుడు లాగినట్టుండి, గంటా రెండు గంటల్లో సర్దుకుంటే ఇబ్బంది లేదు. మర్నాటికి కూడా ఎక్కువగానే ఉంటే మోతాదు కాస్త తగ్గించండి. జబ్బు తిరగబెట్టిన రోజుల్లో గంట చేసేవాళ్లు పది నిమిషాలు చేయండి. బోర్లా పడుకోవడం, ఊపిరి తీయడం, అంతే చాలు. ఆ పది నిమిషాలు సున్నా కాకపోవడమే ముఖ్యం. ఒకసారి సున్నా అయితే మళ్లీ మొదలవడానికి నెలలు పడుతుందని చూస్తూనే ఉన్నాను. నొప్పి మాత్ర ఏ వేళకు వేసుకుంటే ఉదయం బిగుతు తగ్గుతుందో మీ వైద్యుణ్ని అడగండి. చాలామందికి రాత్రి భోజనం తర్వాత వేసుకునేలా మార్చితే పొద్దున కదలడం తేలికవుతుంది. కడుపులో పుండ్లు, కిడ్నీ సమస్యలు ఉన్నవాళ్లు ఆ మాత్రల్ని సొంతంగా కొని వాడకూడదు. సిగరెట్ మానకుండా ఇవన్నీ చేయడం చిల్లుకుండలో నీళ్లు పోయడమే. పొగతాగేవాళ్లలో వెన్ను దెబ్బతినడం ఎక్కువ.

కొన్ని మాత్రం చేయనే కూడదు. ఎదురుకాళ్లతో పుట్టినవాళ్లతో నడుం తొక్కించుకుంటే నొప్పి పోతుందన్న నమ్మకం మన ఊళ్లలో ఇంకా ఉంది. క్షౌరశాలలో మెడ పట్టుకుని టక్కుమనిపించుకోవడం మామూలే. అతుక్కుపోయిన వెన్నెముక గట్టిగా కనిపిస్తుంది గానీ లోపల ఎముక గుల్లబారి ఉంటుంది, సుద్దముక్కలా పుటుక్కున విరగొచ్చు. విరిగితే వెన్నుపాము దెబ్బతిని కాళ్లూ చేతులూ పడిపోయే ప్రమాదముంది. ఇలాంటివాళ్లు చిన్నగా జారిపడి కొత్తరకం నొప్పి మొదలైనా సరే ఆసుపత్రికి రావాలి. మెడ బిగుసుకున్నవాళ్లు శీర్షాసనం, సర్వాంగాసనం లాంటివి తలపెట్టొద్దు. ఇంకో మాట, వ్యాయామంతో సంబంధం లేకపోయినా చెప్పాల్సిందే: కన్ను ఎర్రబడి, నొప్పిపుట్టి, వెలుతురు చూడలేకపోతే కళ్లకలకేమోనని చుక్కలు కొని వేసుకోవద్దు. ఈ జబ్బున్నవాళ్లలో దాదాపు పావువంతు మందికి ఎప్పుడో ఒకప్పుడు కంటి లోపల వాపు వస్తుంది. అదే రోజు కంటి వైద్యుడి దగ్గరికి వెళ్లాలి.

క్రికెట్ చూసేవాళ్లకు మైఖేల్ ఆథర్టన్ గుర్తుండే ఉంటాడు. ఇంగ్లండ్ మాజీ కెప్టెన్. ఇదే జబ్బుతో 115 టెస్టులు ఆడాడు. 1995లో జొహానెస్‌బర్గ్‌లో పది గంటలకు పైగా క్రీజులో నిలబడి 185 నాటౌట్‌తో దక్షిణాఫ్రికాను గెలవనివ్వలేదు. అందరూ ఆథర్టన్లు కాలేరు, కానక్కర్లేదు. జబ్బు ఉందని తెలియగానే పిల్లాడి బ్యాటు అటక మీద పెట్టేసే తల్లిదండ్రుల కోసం ఆయన పేరెత్తాను.

మా వైపు లోపాల గురించీ చెప్పాలి. ప్రభుత్వ ఆసుపత్రి ఓపీలో ఒక్కో రోగికి దొరికే సమయం నిమిషాల్లో లెక్క. ఆ కాస్తలో మందుల పేర్లు రాసి, చివర ‘వ్యాయామం చేయాలి’ అని ఒక మాట పడేస్తే ఎవరూ చేయరు. మాత్రకైతే పూటకెన్ని, ఎన్నాళ్లు అని రాస్తాం. వ్యాయామానికీ అలాగే ఏది, ఎంతసేపు, ఏ పూట అని చీటీలో రాయాలి. ఫిజియోథెరపీ గది ఓపీతో పాటే మధ్యాహ్నానికి మూతపడితే, పనికి వెళ్లే పాతికేళ్లవాడు ఎప్పుడు రావాలి? వారంలో ఒక్కరోజు సాయంత్రం తెరిచి, ఈ రోగులందర్నీ ఒకేచోట చేర్చి చేయించడానికి పెద్ద బడ్జెట్ అక్కర్లేదు. నలుగురితో కలిసి చేసేవాళ్లు ఒంటరిగా చేసేవాళ్ల కంటే ఎక్కువకాలం నిలబడతారు. బ్రిటన్‌లో ఈ రోగుల సంఘం 1976లో పుట్టింది. ఊరూరా సాయంత్రపు వ్యాయామ బృందాలు నడపడం దాని పనుల్లో ఒకటి. రుమటాలజిస్టులు చాలావరకు పెద్ద నగరాల్లోనే ఉన్న మన రాష్ట్రాల్లో, జిల్లా ఆసుపత్రిలో ఒక ఫిజియోథెరపిస్ట్, పది చాపలు ఉంటే చాలా దూరం వెళ్లొచ్చు.

ఈలోగా ఇంట్లో మీరు చేయగలిగింది ఒకటుంది. నెలకోసారి, జీతాలు పడే ఒకటో తారీఖునే అనుకోండి, గోడకు వీపు ఆనించి నిలబడండి. మడమలు, పిరుదులు, భుజాలు గోడకు తగలాలి. గడ్డం పైకెత్తకుండా తల వెనకభాగాన్ని గోడకు తగిలించడానికి ప్రయత్నించండి. తగలకపోతే మధ్యలో ఎంత దూరముందో ఇంకొకరు స్కేలుతో కొలవాలి. తర్వాత దర్జీ టేపు ఛాతీ చుట్టూ చుట్టి, ఊపిరి పూర్తిగా వదిలినప్పుడు ఒకసారి, నిండా పీల్చినప్పుడు ఒకసారి కొలవండి. కుర్రవాళ్లలో ఆ రెంటికీ మధ్య తేడా సుమారు 5 సెంటీమీటర్లో, అంతకంటే ఎక్కువో ఉంటుంది. 2.5 కన్నా తగ్గిందంటే ఛాతీ బిగుసుకుంటోందని అర్థం. రెండు అంకెలూ క్యాలెండర్ మీద ఆ తేదీ గడిలోనే రాసేయండి. తర్వాతిసారి ఓపీకి వచ్చేటప్పుడు ఆ కాగితాలు చింపి వెంట తెచ్చుకోండి. స్కానింగుల కట్టతో పాటు వాటినీ చూస్తాం.